చీకట్లో తేలి వచ్చిందెవరు?

పెరూ అమెజాన్‌లో ఓ మారుమూల పల్లె. ఏడడుగుల ఆకారాలు నేలకు మీటరు ఎత్తున తేలుతూ వస్తున్నాయనీ, తుపాకీ పేల్చినా పడటం లేదనీ ఊరు ఊరంతా చెప్పింది. అవి గ్రహాంతరవాసులని ఊరివాళ్లు, బంగారం దొంగలని అధికారులు అన్నారు. ఇద్దరి మాటల్లోనూ నమ్మశక్యం కానివి ఉన్నాయి. ఇద్దరి మాటల్లోనూ కొట్టిపారేయలేనివీ ఉన్నాయి.

2023 జులై రెండో వారం నుంచి శాన్ ఆంటోనియో డి పింటుయాకు అనే ఊళ్లో పొద్దుగూకితే చాలు, తలుపులు మూసుకున్నారు. చేపల వేటకు రాత్రిళ్లు పడవ తీసేవాళ్లు మానేశారు. మగవాళ్లు వంతులు వేసుకుని, నాటు తుపాకులు పట్టుకుని తెల్లవార్లూ కాపలా కాశారు. ఆడవాళ్లు పిల్లల్ని పక్కలో వేసుకుని జాగారం చేశారు.

ఊరివాళ్లు చెప్పిన వివరాలు చిన్నవి కావు. వచ్చేవాళ్లు ఏడడుగుల ఎత్తుంటారు. ఒంటిమీద వెండిలా మెరిసే కవచం. పొడవాటి తల, ముఖానికి ముసుగు, పసుపుపచ్చటి కళ్లు. కాళ్లకు గుండ్రటి జోళ్లు, వాటి మడమ దగ్గర ఎర్రటి దీపం. ఆ జోళ్ల మీదే నేలకు మీటరు ఎత్తున తేలుతూ వస్తారు, తరిమితే చెట్ల మధ్యకు ఎగిరి మాయమవుతారు. దగ్గర్నుంచి రెండుసార్లు కాల్చినా చెక్కుచెదరలేదని గ్రామ పెద్ద పెరూ రేడియో ఆర్‌పీపీకి చెప్పాడు. స్పైడర్‌మ్యాన్ సినిమాలో గ్రీన్ గాబ్లిన్‌ని చూశారు కదా, అలా ఉన్నారని పోలిక కూడా తెచ్చాడు. వాళ్లు ఈ లోకం వాళ్లు కారన్నది ఆయన మాట.

జులై చివర్లో సంగతి ముదిరింది. పదిహేనేళ్ల అమ్మాయిని ఆ ఆకారాలు పట్టి లాక్కుపోబోయాయనీ, పెనుగులాటలో ఆమె మెడకు గాయమైందనీ వార్త వచ్చింది. సైన్యాన్ని పంపమని ఊరు ప్రభుత్వాన్ని వేడుకుంది. పోలీసులు, నౌకాదళ సిబ్బంది పడవలెక్కి వచ్చారు. ఎవరూ పట్టుబడలేదు. కానీ అప్పటికే ‘పెరూ అడవిలో గ్రహాంతరవాసుల దాడి’ అన్న శీర్షిక లండన్ నుంచి హైదరాబాద్ దాకా వెబ్‌సైట్లనూ యూట్యూబ్ ఛానళ్లనూ చుట్టేసింది.

రోడ్డు లేని నగరం, నది దారి

ఈ కథ అర్థం కావాలంటే ముందు ఆ చోటు ఎక్కడుందో చూడాలి. పెరూ అనగానే మనకు గుర్తొచ్చేవి ఆండీస్ కొండలు, మాచుపిచ్చు. కానీ ఆ దేశంలో సగానికి పైగా అమెజాన్ అడవే. ఆ అడవి మధ్యలో ఇకిటోస్ అనే నగరం ఉంది. లక్షల జనాభా ఉన్నా దేశంలోని ప్రధాన రోడ్లతో దాన్ని కలిపే దారి లేదు. వెళ్తే విమానంలో, లేదంటే పడవలో. ఇకిటోస్ నుంచి నానై నది వెంట ఎగువకు పోయి, దాని ఉపనది పింటుయాకులోకి మళ్లితే శాన్ ఆంటోనియో వస్తుంది. సుమారు పది గంటల ప్రయాణం.

ఊరివాళ్లు ఇకీటు తెగవాళ్లు. ఇకిటోస్ నగరానికి పేరు వచ్చింది వాళ్ల నుంచే. నగరం మాత్రం వాళ్లది కాకుండా పోయింది. ఇకీటు భాష ధారాళంగా మాట్లాడేవాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది, అదీ వృద్ధులు. వాళ్ల అడవిని ఆనుకునే 2011లో ప్రభుత్వం ఆల్టో నానై-పింటుయాకు-చాంబిరా పేరిట లక్షల హెక్టార్ల రక్షిత ప్రాంతాన్ని ప్రకటించింది. ఇకిటోస్ జనం తాగే నీళ్లు నానై నదివే.

అంటే అడవిని కాగితం మీద కాపాడుతున్నారు, నదిని నగరం తాగుతోంది. ఊరికి మాత్రం రాత్రిపూట ఆపద వస్తే పిలవడానికి కూతవేటు దూరంలో ఎవరూ లేరు.

ఆ నెలే ఎందుకు?

ప్రతి ఊరి భయమూ ప్రపంచ వార్త కాదు. ఇది కావడానికి ఆ నెల కూడా ఒక కారణం.

2023 జులై 26న అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు మాజీ వాయుసేన నిఘా అధికారి డేవిడ్ గ్రష్ ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పాడు. కూలిన వింత వాహనాలు తమ ప్రభుత్వం దగ్గర ఉన్నాయని, వాటిలో మనుషులవి కాని జీవ అవశేషాలు దొరికాయని తనకు తెలిసినవాళ్లు చెప్పారన్నాడు. ఆ మాటను పెంటగన్ కాదంది. అయినా కొద్ది రోజులకే పెరూ అడవి వార్త వచ్చేసరికి రెంటినీ కలిపి చదివినవాళ్లే ఎక్కువ. సెప్టెంబరులో మెక్సికో పార్లమెంటులో రెండు చిన్న మమ్మీలను పెట్టెల్లో పెట్టి చూపించి, పెరూలో దొరికిన మానవేతర దేహాలన్నారు. అలాంటివే రెండు బొమ్మలు లిమా విమానాశ్రయంలో పట్టుబడితే పెరూ ఫోరెన్సిక్ నిపుణులు పరీక్షించారు. జంతువుల, మనుషుల ఎముకలను జిగురుతో అతికించి చేసినవని 2024 జనవరిలో తేల్చారు.

శాన్ ఆంటోనియో ఊరికి ఈ హడావుడితో ఏ సంబంధమూ లేదు. వాళ్లు బొమ్మలు అమ్మలేదు, టిక్కెట్లు పెట్టలేదు. భయపడ్డారు, సాయం అడిగారు. అయితే ‘గ్రహాంతరవాసి’ అన్న మాట వినపడగానే లోకం చెవులు రిక్కించింది. తర్వాత ఊరివాళ్లు ఏం చెప్పారో వినే ఓపిక మాత్రం ఎవరికీ లేకపోయింది.

సర్కారు వారి జెట్‌ప్యాక్

దర్యాప్తు అధికారుల జవాబు ఆగస్టులో వచ్చింది. ఆ ఊరున్న లొరెటో ప్రాంత ప్రాసిక్యూటర్ కార్లోస్ కాస్ట్రో కింటానియా చెప్పినదాని ప్రకారం ఇది అక్రమంగా బంగారం తవ్వేవాళ్ల పని. నానై పరీవాహకంలో వాళ్ల జోరు చాలా ఎక్కువ. వెనకాల బ్రెజిల్, కొలంబియా ముఠాలు ఉన్నాయి. జనం ఇళ్లలోంచి కదలకుండా, నది వైపు రాకుండా చేయడానికి మనిషిని గాల్లోకి లేపే ఆధునిక యంత్రాలు, అంటే జెట్‌ప్యాక్‌ల వంటివి వాడుతున్నారు. ఇదీ ఆయన వాదన.

వినడానికి ఇది హేతుబద్ధంగా ఉంది. గ్రహాంతరవాసులకన్నా దొంగలు నయం, కనీసం మన గ్రహం వాళ్లే. కానీ కాస్త నిలబడి ఆలోచిస్తే ఈ జవాబూ గాల్లోనే తేలుతుంది. ఇవాళ బయట దొరికే జెట్‌ప్యాక్‌లు ఖరీదులో విలాసవంతమైన కార్లను మించిపోతాయి. గాల్లో నిలిచేది పది నిమిషాలలోపే. చిన్న జెట్ ఇంజన్ల రొద చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. ఎగరడం నేర్చుకోవడానికి శిక్షణ కావాలి. అలాంటిది దట్టమైన అడవిలో, కటిక చీకట్లో, కొమ్మలకు తగలకుండా, చప్పుడు చేయకుండా మీటరు ఎత్తున తేలడమంటే సర్కస్‌లో కూడా కష్టమే. అలాంటి యంత్రం ఒక్కటైనా పట్టుకుని జనం ముందు పెట్టిన దాఖలా లేదు.

చిత్రమేమిటంటే, కంటికి కనిపించింది చెప్పడానికి గ్రామ పెద్ద ఒక సినిమాను తెచ్చుకున్నాడు. దాన్ని కొట్టేయడానికి ప్రాసిక్యూటర్ చెప్పిన కథా సినిమాను తలపించేదే. ఇంతకన్నా మామూలు సంగతులు సరిపోవా? తలకు కట్టుకున్న లైట్లు, నల్లటి రెయిన్‌కోట్లు, ఓ డ్రోన్, చీకట్లో గురితప్పిన నాటు తుపాకీ, పదిరోజులు నిద్రలేని కళ్లు. ఇవి చాలు, మనిషి ఏడడుగులు పెరగడానికి. రాత్రిపూట టార్చి వెలుగు ఎదురుగా పడితే దాని వెనక మనిషి ఎత్తెంతో, దూరమెంతో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఇవన్నీ ఊహలే. కానీ జెట్‌ప్యాక్ అంత ఖరీదైన ఊహలు కావు.

ప్రాసిక్యూటర్ మాటల్లో యంత్రం సంగతి ఎలా ఉన్నా, ఒక్కటి గట్టిది. ఆ నదిలో బంగారు ముఠాలు నిజంగానే ఉన్నాయి. వాళ్లకు ఊరి భయం నిజంగానే లాభం.

పాత భయం, కొత్త తొడుగు

ఊరివాళ్లు ఆ ఆకారాలను ‘పెలకారా’లు అన్నారు. ముఖాలు ఒలుచుకుపోయేవాళ్లని అర్థం. ఈ పేరు 2023లో పుట్టింది కాదు. పెరూ అమెజాన్ పల్లెల్లో తాతల నుంచి మనవలకు వస్తున్న భయం అది. పరాయివాడు రాత్రిపూట వస్తాడు, ముఖం ఒలుస్తాడు, ఒంట్లో పనికొచ్చేవి తీసుకుపోతాడు.

దీనికి ఆండీస్ కొండల్లో ఒక అన్న ఉన్నాడు, పిష్టాకో. స్పెయిన్ పాలన నాటి నుంచి ఉన్న కథ. తెల్లవాడు ఒంటరి బాటసారిని చంపి కొవ్వు తీస్తాడు. ఆ కొవ్వు దేనికన్నదే ఇందులో అసలు మెలిక. ఒకప్పుడు చర్చి గంటల పోతకన్నారు. ఫ్యాక్టరీలు వచ్చాక యంత్రాలకు కందెన అన్నారు. తర్వాత విమానాల ఇంజన్లకన్నారు. ఏ కాలంలో ఏ వస్తువు బయటినుంచి వచ్చి తమ బతుకును మింగుతోందో, పిష్టాకో ఆ కాలంలో దానికోసమే వేటాడాడు. ఆంత్రపాలజిస్టులు దీనిమీద పుస్తకాలే రాశారు.

చదువుకున్నవాళ్లు ఇలాంటివి నమ్మరనుకుంటే 2009 నవంబరు గుర్తుచేసుకోవాలి. మనుషుల్ని చంపి కొవ్వు తీసి యూరప్ సౌందర్య సాధనాల కంపెనీలకు లీటరు 15,000 డాలర్లకు అమ్ముతున్న ముఠాను పట్టుకున్నామని పెరూ పోలీసులు సీసాలు చూపించి మరీ ప్రకటించారు. ముఠాకు పిష్టాకోలని పేరూ పెట్టారు. వారాల్లోనే కథ కుప్పకూలింది. పైఅధికారి కుర్చీ పోయింది. పల్లెటూరి పుకారు పోలీసు హెడ్‌క్వార్టర్స్‌లో పత్రికా సమావేశం పెట్టిందన్నమాట.

ఎగిరే మనుషులు కూడా కొత్త కాదు. శాన్ ఆంటోనియో ఊరి పేరు ప్రపంచానికి తెలియడానికి పన్నెండేళ్ల ముందే, 2011లో, ఫెర్నాండో సాంటోస్-గ్రనేరో, ఫ్రెడెరికా బార్క్లే అనే పరిశోధకులు పెరూ అమెజాన్ తెగల్లో తిరుగుతున్న ‘ఎగిరే గ్రింగో’ల, అంటే ఎగిరే తెల్లవాళ్ల వదంతుల మీద వ్యాసం రాశారు. బయటి పెట్టుబడి తమ నేల మీదికి తెచ్చే హింసను ఆ తెగలు ఎలా చూస్తున్నాయన్నది దాని సారాంశం. అంటే రెక్కలొచ్చింది దయ్యానికి కాదు, కంపెనీకి.

ఈ భయానికి పునాది పురాణం కాదు, చరిత్ర. 19వ శతాబ్దం చివర్లో సైకిల్ టైర్లకు, తర్వాత కారు టైర్లకు ప్రపంచానికి రబ్బరు కావాల్సి వచ్చింది. ఇకిటోస్ రాత్రికి రాత్రి ధనవంతుల నగరమైంది. పోర్చుగల్ నుంచి రంగు పలకలు తెప్పించుకుని మేడలు కట్టుకున్నారు. అడవిలో మాత్రం తెగలవాళ్లను బానిసలుగా పట్టి, రబ్బరు పాలు తక్కువ తెస్తే కొరడాలతో చీల్చారు, కాళ్లూచేతులూ నరికారు. పుటుమాయో ప్రాంతంలో జులియో సేసర్ అరానా కంపెనీ చేసిన ఘోరాలను బ్రిటిష్ అధికారి రోజర్ కేస్‌మెంట్ 1910లో వెళ్లి చూసి రాశాడు. 1912లో ఆ నివేదిక అచ్చయి లండన్‌ను కుదిపేసింది. చనిపోయినవాళ్లు ముప్పై వేలని ఆయన అంచనా.

పరాయివాళ్లు వస్తారు, మనుషుల్ని ఎత్తుకుపోతారు, ఒంటిని కోస్తారు. ఇకీటు, హుయితోతో, బోరా తెగల ముత్తాతలకు ఇది కట్టుకథ కాదు, కళ్లముందు జరిగింది. ముత్తాత భయానికి ముని మనవడు సినిమా కవచం తొడిగాడు, అంతే.

మన దగ్గర: మూడున్నర అంగుళాల పురుగు

అమెజాన్ దాకా పోనక్కర్లేదు. 2002లో తూర్పు ఉత్తరప్రదేశ్ ‘ముహ్‌నోచ్వా’ పేరు చెబితే వణికిపోయింది. ముఖం రక్కేది అని అర్థం. ఎర్రగా, నీలంగా మెరుస్తూ ఎగిరొచ్చి, ఆరుబయట పడుకున్నవాళ్ల ముఖాలను గీరిపోతోందని మీర్జాపూర్, వారణాసి వైపు ఊళ్లన్నీ హోరెత్తాయి. వానల్లేని ఏడాది, ఉక్కపోత, కరెంటు కోతలు. జనం మిద్దెల మీద పడుకోవడం మానేశారు, కర్రలతో గస్తీలు తిరిగారు. కాపాడటం లేదని పోలీసుల మీద తిరగబడితే కాల్పుల్లో ప్రాణం పోయింది కూడా. అది మూడున్నర అంగుళాల రెక్కల పురుగని ఓ పోలీసు అధికారి వివరించాడు. బంతి మెరుపు కావచ్చని ఓ శాస్త్రవేత్త, సామూహిక భయమని మానసిక వైద్యులు అన్నారు. అధికారిక వివరణ పుకారుకన్నా విడ్డూరంగా ఉండటం పెరూ సొత్తు కాదు.

తెలుగు ఊళ్లలో ఒకప్పుడు దయ్యం రాకుండా గోడలన్నిటి మీదా ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న సంగతి నడివయసు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అయితే మన స్త్రీ గోడమీద రాత చదివి మర్యాదగా వెళ్లిపోయేది.

చెయ్యూపిన ఆకారాలు: బొయనై, 1959

అడవిలో మనిషిని పోలిన ఆకారాలు కనిపించాయన్న ఉదంతాల్లో పరిశోధకులు ఇప్పటికీ మర్యాదగా చూసేది పాపువా న్యూగినీ తీరంలోని బొయనైది. 1959 జూన్ 26 సాయంత్రం అక్కడి ఆంగ్లికన్ మిషన్‌లో ఫాదర్ విలియం గిల్‌తో సహా ముప్పై ఎనిమిది మంది దాకా ఆకాశంలో పళ్లెంలాంటి వాహనాన్ని, దాని పైభాగంలో అటూఇటూ కదిలే నాలుగు ఆకారాలను చూశామన్నారు. పాతికమంది పెద్దలు కాగితం మీద సంతకాలు పెట్టారు. మర్నాడు మళ్లీ వస్తే గిల్ చెయ్యూపాడు. పైనున్నవాళ్లూ చెయ్యూపారట. కాసేపటికి ఆయన భోజనానికి లోపలికి వెళ్లాడు, ఏడింటికి ప్రార్థనకు వెళ్లాడు. గ్రహాంతర వాహనాన్ని ఆకాశంలో నిలబెట్టి అన్నానికి వెళ్లిన మనిషి అబద్ధం ఎందుకు చెబుతాడని నమ్మేవాళ్లు, నిజంగా అలాంటిది చూస్తే ఎవడైనా అన్నానికి వెళ్తాడా అని నమ్మనివాళ్లు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

ఆస్ట్రేలియా వాయుసేన గ్రహాలు, మేఘాలు అని తేల్చింది. హార్వర్డ్ ఖగోళ శాస్త్రవేత్త డొనాల్డ్ మెంజెల్ శుక్రగ్రహాన్ని కళ్లజోడు లేకుండా చూసి ఉంటాడన్నాడు. జోడు పెట్టుకునే ఉన్నానని గిల్ బదులిచ్చాడు. ‘క్లోజ్ ఎన్‌కౌంటర్స్’ వర్గీకరణను తయారుచేసిన అలెన్ హైనెక్ ఈ కేసును మూడో రకం, అంటే ప్రాణులు కనిపించిన రకం కింద పెట్టాడు.

బొయనైనీ శాన్ ఆంటోనియోనూ పక్కపక్కన పెడితే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అక్కడికి వచ్చినవాళ్లు చెయ్యూపారు, ఇక్కడికి వచ్చినవాళ్లు ముఖాలు ఒలుస్తారు. ఆకాశం రెండు చోట్లా ఒకటే. మిషన్ వాకిట్లో ప్రార్థనకు ముందు నిలబడి చూసినవాళ్లకు వచ్చినవాళ్లు అతిథుల్లా కనిపించారు. వచ్చిన ప్రతివాడూ ఏదో ఒకటి పట్టుకుపోయిన నదీతీరంలో దోపిడీదార్లలా కనిపించారు.

నది అడుగున ఏముంది?

ఇంతకీ నానై నదిలో ఏం జరుగుతోంది? బంగారం తీసేది డ్రెడ్జర్లతో. డ్రెడ్జర్ అంటే పెద్ద ఓడ అనుకోనక్కర్లేదు. చెక్కలతో కట్టిన తెప్ప, దానిమీద డీజిల్ ఇంజన్, లావాటి గొట్టం. గొట్టాన్ని నది అడుక్కి దించి ఇసుకను, మట్టిని పైకి లాగుతారు. వాలుగా పెట్టిన చెక్క పళ్లెం మీద పరిచిన గరుకు గుడ్డల మీదుగా ఆ బురదను పారిస్తారు. బరువైన నల్ల ఇసుక, అందులోని బంగారు నలుసులు గుడ్డకు పట్టుకుంటాయి. దాన్ని పాదరసంతో కలిపి పిసికితే పాదరసం బంగారాన్ని ముద్దగా పట్టుకుంటుంది. ముద్దను మంటపెట్టి కాలిస్తే పాదరసం ఆవిరైపోతుంది, బంగారం మిగులుతుంది.

ఆ పాదరసం ఎక్కడికీ పోదు. కొంత నేరుగా నదిలో ఒలికిపోతుంది, ఆవిరైంది వానతో దిగుతుంది. నది అడుగు బురదలోని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. అది చిన్న చేప ఒంట్లో చేరుతుంది, చిన్న చేపను తిన్న పెద్ద చేపలో పోగవుతుంది, పెద్ద చేపను తిన్న మనిషిలో ఇంకా పోగవుతుంది. నరాలను దెబ్బతీస్తుంది. తల్లి గర్భంలోని శిశువు మెదడుకు మరీ చేటు. జపాన్‌లోని మినమాటాలో ఊరివాళ్ల ఒళ్లు వంకర్లు తిప్పింది ఈ విషమే. ఆ ఊరి పేరిట కుదిరిన పాదరస నియంత్రణ ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది. పెరూ అందులో సభ్యదేశం.

నానై మీద తెప్పల గురించి ఊళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నాయి. నౌకాదళం అప్పుడప్పుడు వచ్చి కొన్నిటిని తగలబెట్టి వెళ్తుంది. తెప్ప ఖరీదును బంగారం త్వరగానే తెచ్చిపెడుతుంది కాబట్టి ముఠాలు మళ్లీ కట్టుకుంటాయి. ఆ వార్తలకు మాత్రం వెండి కవచాలకు వచ్చినంత గిరాకీ లేదు.

ఈ బంగారం అక్కడే ఆగదు. నదిలో తవ్విందో, లైసెన్సున్న గనిలో తవ్విందో ఒకసారి కరిగించి బిస్కెట్ చేశాక ఎవరూ చెప్పలేరు. మధ్యవర్తుల చేతులు మారి, కాగితాలు పుట్టి, విమానం ఎక్కుతుంది. పెరూ బంగారాన్ని పెద్దఎత్తున కొనే దేశాల్లో మన దేశం ఒకటి. అక్షయ తృతీయనాడు బంగారం దుకాణం ముందు క్యూ కట్టే మనకు పింటుయాకు ఊరు ఎక్కడుందో తెలియకపోవచ్చు. ధర పెరిగిందని టీవీలో చూసి మనం నిట్టూరుస్తాం. అదే పెరుగుదల చూసి నానై మీద ఎవడో ఇంకో తెప్ప దించుతాడు.

కాబట్టి ‘వాళ్లు గ్రహాంతరవాసులా?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం పెద్ద కష్టం కాదు. అలా అనుకోవడానికి ఆధారం లేదు. జెట్‌ప్యాక్ మాఫియా అనడానికీ ఆధారం చూపలేదు. కానీ ‘బయటినుంచి ఎవరో వస్తున్నారు, మా ఒంట్లోంచి ఏదో తీసుకుపోతున్నారు’ అన్న ఊరి మాటను భ్రమ అని తోసేయలేం. తీసుకుపోవడం కాదు, పెట్టిపోవడం అనాలి, అంతే తేడా. నానై, పింటుయాకు ఒడ్డు పల్లెల్లో పరిశోధకులు జనం జుట్టు కత్తిరించి పరీక్షిస్తే చాలామందిలో పాదరసం ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దును దాటి ఉందని 2025లో బయటపడింది. పరాయివాళ్లు వచ్చారనడానికి రుజువేదీ అని అడిగేవాళ్లు ఆకాశం కేసి చూడనక్కర్లేదు, ఆ ల్యాబు రిపోర్టు చదివితే చాలు.